మడుగు కొలత

సారె లేదు నాకు.
మోకాలే సారె.
ఎడమచెయ్యి తిప్పుతుంది, కుడిచెయ్యి నొక్కుతుంది,
మధ్యలో మట్టి తన దారి వెతుక్కుంటుంది.

బార్వాస్ బీడు మీద చెట్టన్నది లేదు.
గాలికి అడ్డమొచ్చేవి రెండే,
గొర్రెలూ, నేనూ.
స్టోర్నోవే రేవులో, గాజు కిటికీ వెనక,
ముప్పై ఏళ్లు పడవ టికెట్లు చింపిన వేళ్లివి.
చదునైనదే తెలుసు వీటికి.
ఇప్పుడిప్పుడే గుండ్రం నేర్చుకుంటున్నాయి.

వాగు కోసిన గట్టు కింద బూడిదరంగు బంకమన్ను.
పార దిగితే పచ్చిచేప వాసన.
బకెట్టుతో మోసుకొచ్చి, పలుగురాళ్లు ఏరి,
సముద్రపు గుల్లలు దంచి కలిపి
రాత్రంతా తడిగోనె కప్పి ఉంచుతాను.
తెల్లారి పిసుకుతుంటే ఒక్కోసారి
హెదర్ వేరొకటి వెంట్రుకలా వేలికి చుట్టుకుంటుంది.
తీసెయ్యను.
మంటలో కాలిపోయి అది వదిలే సన్నని సొరంగం
నా సంతకం.

మొదటి గిన్నెకి అలల అంచు పెట్టాను.
రేవు దగ్గరి దుకాణం వాళ్లు ముచ్చటపడ్డారు.
అబద్ధం అది. అల అంచున పుట్టదు.
రెండోదానికి మా తీరపు రాతి చారలు,
తెల్లమన్నూ నల్లమన్నూ జడలా పేని.
అదీ అమ్ముడుపోయింది,
ఉప్పు వేసుకోవడానికి బాగుంటుందన్నారు.

మూడోది అమ్మడానికి కాదు.

కిందటి వేసవి నలభై రోజులు చినుకు లేక
బీడంతా నెర్రెలిచ్చింది.
ఆ తర్వాత ఒక్క రాత్రి వానకి
నల్లగట్టు తెగింది.
తెల్లారి చూస్తే కొండ వెనక మడుగు లేదు.
గొర్రెల దారినీ, చెక్క వంతెననీ,
ఎండేసిన పీట్ కుప్పల్నీ వెంటబెట్టుకుని
సముద్రంలోకి వెళ్లిపోయింది.
మిగిలింది బురద,
ఒక విరిగిన తెడ్డు,
పుట్టాక మొదటిసారి గాలి తగిలిన రాళ్లు.

మ్యాపులో మాత్రం ఇంకా నీలంగానే ఉంది.

నాకు గుర్తున్నంత మేర దాన్ని కట్టాను.
మట్టితాడు మీద మట్టితాడు చుట్టి
బొటనవేలితో అతుకులు మాన్పుతూ,
దక్షిణాన వాలు, తూర్పున తుంగ మొలిచే మెరక,
ఉత్తరాన, ఊహించి, లోతు.

ఊష్జన్ తలుపు కొట్టడు, నేరుగా వస్తాడు.
ఎనభై రెండేళ్లు. చంకలో పాలసీసా.
మడుగు పేరు సరిగ్గా పలికే నోరు
ఈ ఊళ్లో ఆయనదొక్కటే.
టోపీ తీసి, చొక్కా చెయ్యి మడిచి,
ఆవు కడుపులో దూడని తడిమినట్టు
పచ్చికుండలో చెయ్యి పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఉత్తరం వైపు ఇంత లోతెక్కడిదమ్మాయ్?
అక్కడో రాయి. మా తమ్ముడి గాలాలు
ఎన్ని మింగిందో దానికే తెలియాలి.
నువ్వు ఒడ్డున నిలబడి చూశావు.
నేను దారం వేసి చూశాను."

పిడికిలి అక్కడే ఉంచమన్నాను.
బయటనుంచి నేను మట్టిని తోశాను, మెల్లగా,
ఆయన ఎముకలు తగిలేదాకా.
చెయ్యి తీశాక లోపల
నాలుగు కణుపుల గుంటలు,
వాటి మధ్య లేచిన చిన్న రాయి.

పదకొండు రోజులు దూలం మీద ఆరింది.
పెరట్లో పీట్ గడ్డలు పేర్చి కాల్చాను.
ఆవం లేదు, తలుపు లేదు,
పొగ ఎటు పోతే అటే మంట.
ఎర్రగా ఉండగానే పటకారుతో లాగి
ఊష్జన్ తెచ్చిన పాలు పోశాను.
పాత కాలపు ఆడవాళ్ల పద్ధతి.
బుస్సుమని ఒక్క పొంగు పొంగి
మాడిన మీగడ వాసన ఇల్లంతా.
కుండ నల్లబడింది,
వాన వెలిసిన బీడులా.

పాలు తాగితే బీటలు మూసుకుంటాయంటారు.
అన్నీ మూసుకున్నాయి,
ఉత్తరం వైపు, ఆ కణుపుల దగ్గర తప్ప.
నీళ్లు పోసిన ప్రతిసారీ
పొద్దుటికి కిటికీ గట్టు మీద తడి.

పాలు పోయడానికి వచ్చినప్పుడల్లా ఊష్జన్ అడుగుతాడు,
"ఇంకా కారుతోందా?"
కారుతోందంటాను.
"ఆ వైపు ఎప్పుడూ అంతే," అంటాడు,
టోపీ పెట్టుకుంటూ.